ఎండలో చూడని రంగు

"పాలు పచ్చగా ఉన్నాయేంటే?"

అత్తగారు ఆ ఇంట్లో అడుగుపెట్టాక అన్న మొదటి మాట అదే. గ్లాసు పైకెత్తి, బల్బు కింద అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాలు తెల్లగానే ఉన్నాయమ్మా. బల్బే పచ్చగా ఉంది," అంది కూతురు, మంచం మీద దిండుకు ఆనుకుని. ఆమెకు నెలలు నిండాయి. "మీ అల్లుడుగారి నిర్వాకం. ట్యూబ్‌లైట్లన్నీ పీకేసి ఇల్లంతా ఇవి పెట్టారు."

"ట్యూబ్‌లైటు తాగే కరెంటులో ఇవి సగం కూడా తాగవు అత్తయ్యా," అన్నాడు అల్లుడు. ఈ సంగతి ఎవరికైనా చెప్పడమంటే అతనికి మహా సరదా. "రేపు బిడ్డ పుట్టాక వేడినీళ్ళనీ, ఫ్యాననీ, తెల్లార్లూ లైటనీ మీటరు గిర్రున తిరుగుతుంది. అందుకే ముందే మార్చేశాను. పైగా ఈ రంగు కంటికి హాయి. సాయంత్రం ఎండలా ఉంటుంది. డబ్బా మీదే రాసుంది."

"డబ్బాల మీద రాసినవన్నీ నిజమైతే అల్లుడుగారూ, నేను వాడిన నూనెలకి నా జుట్టు ఈపాటికి మోకాళ్ళు దాటాలి."

కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. అల్లుడూ నవ్వాడు. ఆ బల్బుల గురించి ఆ ఇంట్లో నవ్వడం అలా మొదలైంది.

అతని ఉద్యోగమే రంగులతో. పెద్ద బజారులోని రంగుల దుకాణంలో రంగులు కలుపుతాడు. గోడ మీంచి రాలిన గోరంత పెచ్చు తెచ్చిస్తే చాలు, అచ్చం అదే రంగు డబ్బా నిండా కలిపిస్తాడు. దుకాణంలో అందరూ అతన్ని డేగకన్ను అంటారు. ఎంత తొందరపడే మనిషి వచ్చినా సరే, కలిపిన రంగును అట్టముక్క మీద పూసి, ఆరనిచ్చి, వీధిలోకి తీసుకెళ్ళి చూడనిదే డబ్బా మూత బిగించడు. "ఎండ అబద్ధమాడదు," అనేది దుకాణం యజమాని మాట. ఆ మాట అతని ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, సొంత చొక్కా కొన్నా ముందు వీధిలోకి తెచ్చి చూసుకుంటాడు.

కానీ ఇల్లు దుకాణం కాదుగా. ఇంట్లో రంగులు తేల్చే పని ఎవరికుంటుంది?

మగపిల్లాడు పుట్టాడు. కాన్పు తేలిగ్గా కాలేదు, కుట్లు పడ్డాయి. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ, "రెండు రోజులాగి ఒకసారి తీసుకొచ్చి చూపించండి, మర్చిపోకండి," అంది. సరేనని ఇంటికొచ్చారు.

వచ్చేసరికి వీధి తవ్వేసి ఉంది. మురుగు గొట్టాలు వేస్తున్నారు. ఇంటిముందు ఒక మిషను పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం దాకా రాయిని కొరుకుతూనే ఉంది. దుమ్ము కిటికీ సందుల్లోంచి లోపలికొచ్చి ఊయల దోమతెర మీద పేరుకుంది. అల్లుడు ఊరుకునే రకం కాదు. దుకాణం నుంచి మందపాటి అట్టలు తెచ్చి, పడకగదికున్న ఒక్క కిటికీకి అడ్డంగా పెట్టి, చుట్టూ టేపు బిగించి, దాని మీద దుప్పటి వేలాడదీశాడు. దుమ్ము ఆగింది. చప్పుడు సగం తగ్గింది. ఆ గదిలో ఇక పొద్దున్నా మధ్యాహ్నమూ లేవు. ఎప్పుడు చూసినా సాయంత్రం ఎండే.

అత్తగారు ఆ బల్బులకు పసుపుముద్దలని పేరు పెట్టింది.

"ఆ పసుపుముద్ద కాసేపు ఆర్పవే, కళ్ళు లాగుతున్నాయి. గోడ పచ్చ, దుప్పటి పచ్చ. నా తెల్లచీర చూడు, పసుపు నీళ్ళలో జాడించి తీసినట్టుంది. నీ మొహమూ పచ్చే."

"బాలింతని కదమ్మా, అలాగే ఉంటాను."

"నేను బాలింతని కాదుగా. మరి నా చేతులేంటి ఇలా ఉన్నాయి?"

రోజూ ఇదే తంతు. అందుకే ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం అల్లుడు పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అత్తగారు కాళ్ళు బారజాపుకుని, మనవణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ముఖంలో ముఖం పెట్టి చూస్తోంది.

"వీడు పచ్చగా ఉన్నాడే."

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకుని ఫక్కున నవ్వారు.

"ఇంకా రాలేదేమా అనుకుంటున్నాను. ఇల్లయింది, చీరయింది, ఇప్పుడు వీడి వంతు," అంది కూతురు.

"అత్తయ్యా, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందట," అన్నాడు అల్లుడు. "పోనీ రేపు మీ కళ్ళు చూపించి తీసుకురానా?"

ఆవిడ కూడా నవ్వింది. తన మీద జోకైనా బాగుంటే నవ్వే మనిషి. నవ్వింది గానీ, బిడ్డ మీంచి చూపు తిప్పలేదు.

మర్నాడు పైవాటా ఆవిడ చూడ్డానికొచ్చింది. పడకగదిలో బల్బు కింద పిల్లాణ్ణి చూసి బుగ్గలు నొక్కుకుంది. "బంగారు ఛాయమ్మా! మా వాళ్ళంతా పుట్టినప్పుడు ఎర్రగా ఎలకపిల్లల్లా ఉన్నారు. ఏడుపే వినపడదు, నిజంగా పిల్లాడున్నాడా అని మావారు అడుగుతున్నారు."

"వాళ్ళ నాన్న పోలిక," అంది తల్లి మురిసిపోతూ. "కరెంటే కాదు, ఏడుపు కూడా పొదుపే."

ఈ జోకు ఆ ఇంట్లో బాగా పేలింది. సాయంత్రం భర్త రాగానే ఆమె మళ్ళీ చెప్పింది. అతను దుకాణంలో అందరికీ చెప్పాడు.

పిల్లాడు మాత్రం నిద్రపోతూనే ఉన్నాడు. రొమ్ము నోటికి అందించగానే నాలుగు గుక్కలు తాగి కళ్ళు మూసేవాడు. డాక్టరమ్మ రమ్మన్న రోజు రానే వచ్చింది. ఇంటిముందు గొయ్యి, గొయ్యి మీద చెక్క, చెక్క అవతల బురద. ఆటో గుమ్మం దాకా రాదు. కుట్లు లాగుతున్నాయని ఆమె, హాయిగా పడుకున్నవాణ్ణి లేపి తిప్పడమెందుకని అతను. ఎల్లుండి వెళ్దామనుకున్నారు.

ఆ రోజే మిషను కింద కేబులు తెగి వీధంతా కరెంటు పోయింది. మధ్యాహ్నం దాకా రాలేదు. కానీ పడకగదిలో వెలుగు పోలేదు. అల్లుడు ఆ గదిలో పెట్టింది మామూలు బల్బు కాదు. లోపల చిన్న బ్యాటరీ ఉండి, కరెంటు పోయినా గంటలకొద్దీ వెలిగే రకం.

"చూశారా అత్తయ్యా, మీ పసుపుముద్ద!" అన్నాడు ఫోన్లో, గర్వంగా.

ఆ బల్బు ఆరిపోయి ఉంటే బాగుండేది. వెలుగు కోసమైనా ఎవరో ఒకరు కిటికీ అట్ట పీకేవాళ్ళు.

మర్నాడు పొద్దున్న అతను స్కూటరు తీస్తుంటే అత్తగారు గేటు దాకా వెంటవచ్చింది. చేతిలో ఏదో తెల్లగుడ్డ నలుపుతోంది.

"అల్లుడుగారూ, ఒక్క మాట."

"చెప్పండి అత్తయ్యా, ఆలస్యమైపోయింది," అన్నాడు, హెల్మెట్‌లో తల దూర్చుతూ.

"ఇది చూడండి, వాడి గుడ్డ. రెండుసార్లు ఉతికాను, పచ్చమరక వదలట్లేదు. పుట్టినబిడ్డ నీళ్ళలా పోస్తాడు, మరకే పడదు. వీడేమో..."

"మన వరండా బల్బూ పసుపుముద్దే కదా అత్తయ్యా!" అన్నాడు, గుడ్డ వైపు చూడకుండానే.

"అది కాదండీ, నేను డాబా మీద ఆరేసి..."

సరిగ్గా అప్పుడే మిషను మొదలైంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, మాట వినపడలేదు. అతను హెల్మెట్ మీద వేలితో టకటకా కొట్టి, నవ్వి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

ఆ రోజు దుకాణంలో రద్దీగా ఉంది. రంగు డబ్బాలను గిరగిరా తిప్పే మిక్సరు ఊపిరి పీల్చుకోకుండా తిరుగుతోంది. పదకొండు దాటాక ఒకావిడ విసురుగా లోపలికొచ్చి, రంగు పూసిన అట్టముక్కను కౌంటరు మీద ఠపీమని పెట్టింది. పిల్లలకు పాటలు నేర్పే టీచరు. వారం క్రితం హాలు గోడలకు రంగు తీసుకెళ్ళింది.

"నేనడిగింది మల్లెపువ్వు తెలుపు. మీరిచ్చింది వెన్న రంగు. గోడలన్నీ వేసేశాక తెలిసింది. ఎవరిని మోసం చేద్దామని?"

అల్లుడు చిరునవ్వు నవ్వాడు. వారానికి ఒకసారైనా వచ్చే తగాదానే ఇది. ఎలా తీర్చాలో అతనికి తెలుసు. అట్టముక్క తీసుకుని, "ఒక్కసారి నాతో బయటికి రండమ్మా," అన్నాడు.

వీధిలో ఎండ ఫెళ్ళున కాస్తోంది. అట్టను ఆవిడ కళ్ళ ముందు పట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పండి."

ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. "తెలుపే."

"తప్పు రంగుది కాదమ్మా, మీ ఇంటి బల్బుది. ఈ మధ్య బల్బులు మార్చారా?"

"పోయిన నెల. కరెంటు ఆదా అని మావారు..."

"మా ఇంట్లోనూ ఇదే గొడవ," అన్నాడు అతను నవ్వుతూ. "మా అత్తగారికి పాల గ్లాసు దగ్గర్నుంచి పసిపిల్లాడి దాకా అన్నీ పచ్చగానే కనపడుతున్నాయి."

ఆవిడ నవ్వలేదు. ఆవిడ బాధ ఆవిడది.

"అది సరేనండీ. మా వంటింటి గోడకి పోయినేడు వేసింది నిజంగానే వెన్న రంగు. మీ దగ్గరే తీసుకున్నాం. ఇప్పుడు హాలు తెలుపంటున్నారు. మరి బల్బు వేస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. అన్నిటికీ బల్బు వంక చెప్పుకుంటూ పోతే, నిజంగా పచ్చగా ఉన్నది ఏదో తెలిసేదెలా?"

"ఏముందమ్మా, ఎండలోకి తెచ్చి చూ..."

అతను చేతిలోని అట్ట వైపు చూశాడు.

ఎండలోకి తెచ్చి చూడాలి. రోజుకు పదిసార్లు చెప్పే మాట. పన్నెండేళ్ళుగా చెప్తున్న మాట. తన కొడుకు ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక్కసారైనా ఎండ మొహం చూశాడా? కిటికీకి అట్ట కట్టింది తనే. బల్బు పెట్టింది తనే. ఎవరైనా పచ్చగా ఉన్నాడంటే, బల్బు అని నవ్వేసిందీ తనే.

'నేను డాబా మీద ఆరేసి...'

మిషను మింగేసిన మిగతా సగం మాట ఇప్పుడు అతనికి వినపడింది. డాబా మీద ఆరేసి, ఎండలో చూశాను. ఎండలోనూ పచ్చగానే ఉంది. ఆవిడ చెప్పబోయింది అదే. ఆవిడ అప్పటికే గుడ్డను ఎండలో చూసింది.

అతను జేబులోంచి ఫోను తీసి భార్యకు చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. పిల్లాడు ఉలిక్కిపడతాడని ఆమె ఫోను మోత ఆపేసి పెడుతుంది. అలా పెట్టమన్నదీ తనే. అత్తగారికి చేశాడు. స్విచాఫ్.

"ఏంటండీ, మాట్లాడరేం?" అంది పాటల టీచరు.

అట్టముక్క ఆవిడ చేతిలో పెట్టి స్కూటరు వైపు పరుగెత్తాడు.

"ఒరేయ్ డేగకన్నూ! మిక్సరు తిరుగుతోందిరా! ఎక్కడికి?" వెనక నుంచి యజమాని అరుస్తున్నాడు.

దారిలో అతని బుర్ర దానంతటదే లెక్కలు వేసుకుంటూ పోయింది. పాలు తాగుతూ తాగుతూ నిద్రపోవడం. ఏడవకపోవడం. పిలిచినా కళ్ళు తెరవకపోవడం. ఒక్కొక్కటీ విడిగా చూస్తే బుద్ధిమంతుడి లక్షణాలే. అన్నీ పక్కపక్కన పెడితే? రంగైనా అంతే. ఒంటరిగా చూస్తే మోసపోతాం, పక్కన తెలుపు పెడితే బయటపడుతుంది.

వీధి మొదట్లో గొట్టాల లారీ అడ్డంగా నిలబడి ఉంది. హారను కొట్టాడు. డ్రైవరు టీ గ్లాసు పైకెత్తి చూపించాడు. స్కూటరు అక్కడే పడేసి పరుగెత్తాడు. గొయ్యి మీద చెక్క దాటేటప్పుడు ఒక చెప్పు బురదలో కూరుకుపోయింది. వదిలేశాడు.

వీధి తలుపు ఓరగా తెరిచి ఉంది.

పడకగదిలో అదే సాయంత్రం ఎండ. భార్య గోడవైపు తిరిగి గాఢనిద్రలో ఉంది. దోమతెర ఎత్తాడు.

ఊయల ఖాళీ.

"బాబేడీ?"

ఆమె కళ్ళు తెరిచి, అర్థం కాక, "ఊయల్లో..." అంది. మరుక్షణం లేచి కూర్చుని ఊయల వైపు చూసి కేక పెట్టింది. "అమ్మా! అమ్మా!"

వంటింట్లో లేదు. స్నానాల గదిలో లేదు. వరండాలో లేదు. బయట మిషను రాయిని కొరుకుతోంది. అతను గేటు దాకా పరుగెత్తి వీధికి రెండు వైపులా చూశాడు. బురద, గొట్టాలు, పనివాళ్ళు. దారి తెలియని ఊళ్ళో ఆ పెద్దావిడ చేతుల్లో పసివాణ్ణి పెట్టుకుని ఎటు వెళ్ళి ఉంటుంది? వెనక్కి తిరిగాడు. అప్పుడు కనిపించాయి, గుమ్మం పక్కన గోడకు ఆనించి, జతగా, అత్తగారి చెప్పులు.

వీధిలోకి వెళ్ళలేదు.

మెట్లు రెండేసి ఎక్కుతూ డాబా మీదికి చేరాడు.

దండెం మీద చిన్న చిన్న తెల్లగుడ్డలు ఎగురుతున్నాయి. వాటి వెనక, నీళ్ళ ట్యాంకు పక్కన సిమెంటు గట్టు మీద ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్ళో ఉతికిన తెల్లటి దిండు గలీబు పరిచి, దాని మీద మనవణ్ణి పడుకోబెట్టింది. కొంగుతో వాడి కళ్ళకు నీడ పట్టింది. తను మాత్రం నడినెత్తిన ఎండలో ఉంది. చెంపల మీద తడి ఆరి చారలు కట్టింది.

ఆవిడ తలెత్తి అల్లుణ్ణి చూసింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అతన్ని ఏకవచనంలో పిలిచింది లేదు.

"చూడు నాయనా," అంది. "ఇక్కడ పసుపుముద్ద లేదు. రంగులవాడివి కదా, చూసి నువ్వే చెప్పు."

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొటనవేలితో బిడ్డ నుదుటి మీద మెల్లగా నొక్కి తీశాడు. వేలు లేచిన చోట చర్మం ఒక్క క్షణం ఎరుపు పోగొట్టుకుని తన అసలు రంగు చూపించింది. గుండెల మీద నొక్కాడు. పొట్ట మీద. తొడ మీద. చివరికి అరికాలి మీద. ఎక్కడ నొక్కినా అదే. కంటిరెప్ప ఎత్తి చూశాడు. తెల్లగా ఉండాల్సిన చోట తెలుపు లేదు.

దుకాణంలో అతనికి ఎన్నో పసుపులు తెలుసు. ప్రతిదానికీ ఒక పేరుంది, ఒక నంబరుంది. దీనికి పేరు పెట్టడానికి నోరు రాలేదు.

సామెతలో కామెర్లు చూసేవాడికి. ఇక్కడ, చూస్తూ చూస్తూ అందరూ వదిలేసినవాడికి.

"అరికాలు గిల్లాను నాయనా," అంది అత్తగారు. "గట్టిగానే గిల్లాను. ఏడవట్లేదు."

తర్వాత జరిగినవన్నీ అతనికి ముక్కలుముక్కలుగానే గుర్తున్నాయి. బిడ్డను గుండెకు అదుముకుని మెట్లు దిగడం. భార్య కుట్లు మర్చిపోయి, చెప్పుల్లేకుండా వెంటపడటం, ఆ వెనకే అత్తగారు. గొయ్యి దగ్గర వాళ్ళ ముగ్గుర్నీ చూసి మిషను డ్రైవరు ఇంజను ఆపేసి కిందికి దూకి, చెక్కను రెండు చేతులతో కదలకుండా పట్టుకోవడం. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆ వీధి నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో ముగ్గురూ చెవులు రిక్కించి విన్నారు. ఏడుపు లేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బిడ్డను చూడగానే ఒక్క మాట కూడా అడక్కుండా నర్సును పిలిచి లోపలికి పంపించేసింది. రక్తం తీశారు. చిన్న గొట్టంతో పాలు పట్టే ఏర్పాటు చేశారు. అవన్నీ అయ్యాకే ఆవిడ వీళ్ళవైపు తిరిగింది.

"రమ్మన్న రోజు ఎందుకు తీసుకురాలేదు?"

అతను నేల చూశాడు. భార్యే నోరు తెరిచింది.

"బాగా నిద్రపోతున్నాడు కదా అని..."

"అది నిద్ర కాదమ్మా." డాక్టరమ్మ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పుట్టిన పిల్లల్లో చాలామందికి కామెర్లు వస్తాయి, తగ్గిపోతాయి కూడా. కొందరికి పెరుగుతూ పోతాయి. మీదీ బాబుదీ రక్తం గ్రూపులు కలవలేదు, అందుకే ఇంత త్వరగా పెరిగి ఉండొచ్చు. ఒక హద్దు దాటితే రక్తంలోని ఆ పసుపు మెదడుకెక్కుతుంది. అప్పుడే పిల్లలు ఇలా మత్తుగా అయిపోతారు. ఒళ్ళంతా ఇంత రంగుంటే ఇంట్లో ఎవరికీ కనపడలేదా?"

అల్లుడు అత్తగారి వైపు చూశాడు. ఇప్పుడు చెప్తుంది, చెప్పాలి కూడా, అనుకున్నాడు. నేను చెప్పానమ్మా, వీళ్ళే నవ్వారు, అని. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇంట్లో వెలుతురు సరిగ్గా లేదమ్మా," అంది. అంతే.

"ఆవిడకి కనపడింది," అన్నాడు అతను. "నేనే నమ్మలేదు."

డాక్టరమ్మ అతన్ని ఒక్క క్షణం చూసి తలూపింది. "ఇప్పుడు దీపాల కింద పెడుతున్నాం, ఆ వెలుగుకి పసుపు దిగాలి. సాయంత్రం మళ్ళీ రక్తం చూస్తాం. దిగితే సరే. దిగకపోతే ఒంట్లో రక్తం కొంచెం కొంచెంగా తీసి, వేరే రక్తం ఎక్కించాలి. సంతకానికి సిద్ధంగా ఉండండి."

గాజు తలుపు అవతల, పెట్టె లాంటి తొట్టిలో వాణ్ణి పడుకోబెట్టారు. ఒంటి మీద చిన్న లంగోటీ, కళ్ళకు నల్లగంతలు. పైనుంచీ కిందనుంచీ నీలం వెలుగు. వాడి ఒంటికి ఇప్పుడు ఏ రంగూ లేదు. అంతా నీలమే. డేగకన్ను ఎంత చూసినా లాభం లేదు. తగ్గుతోందో పెరుగుతోందో అక్కడ కంటికి తెలియదు, రక్తానికే తెలుస్తుంది.

తొట్టి అంచుకు వరసగా పొదిగిన చిన్న చిన్న దీపాలను చూసి అతను నర్సును అడిగాడు. "ఇవి... ఇళ్ళలో వాడే ఆ కరెంటు తక్కువ తాగే బల్బుల్లాంటివేనా?"

"అవేనండీ. పాత గొట్టం లైట్లు తీసేసి ఈ మధ్యే ఇవి పెట్టారు. రంగు వేరు, అంతే," అంది నర్సు, ట్రే తీసుకుని వెళ్ళిపోతూ.

అతను గోడకు ఆనుకుని జారి కింద కూర్చున్నాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. "ఏడుపు కూడా పొదుపే అన్నాను. అందరికీ చెప్పాను. నవ్వాను."

"నేను దుకాణమంతా చెప్పాను."

"వాడు ఏడవడానికి కూడా ఓపిక లేక..."

సాయంత్రం మళ్ళీ రక్తం తీశారు. ఫలితం వచ్చేదాకా అత్తగారు కారిడార్లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉంది. డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. ఆవిడ ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయారు.

"దిగడం మొదలైంది. కొంచెమే. కానీ దిగింది. రక్తం మార్పు ఇప్పటికి ఆపుతున్నాను." వాళ్ళ ముఖాల్లో వెలుగు రావడం చూసి చెయ్యెత్తింది. "ఆగండి. గండం గట్టెక్కిందని నేననలేదు. దిగినా, అప్పటికే దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇప్పుడే చెప్పలేం. వెళ్ళేముందు చెవుల పరీక్ష చేస్తాం. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు చూస్తూ ఉండాలి."

మర్నాడు పొద్దున్న నర్సు నీలం దీపాలు ఆర్పి, గంతలు తీసి, పాలు పట్టమని బిడ్డను తల్లి చేతికిచ్చింది. నోటికి రొమ్ము అందించేలోపే వాడు మూతి బిగించి, పిడికిళ్ళు బిగించి, ముఖమంతా ముడతలు పడేలా ఒక్క కేక పెట్టాడు. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. వాడు ఆగలేదు. ఇన్ని రోజుల బాకీ ఒక్కసారే తీర్చేస్తున్నట్టు ఏడ్చాడు. తల్లి వాణ్ణి సముదాయించలేదు. వింటూ కూర్చుంది.

కడుపునిండా తాగాక, దీపాల కింద మళ్ళీ పెట్టేలోపు అత్తగారు వాణ్ణి అందుకుంది. ఎవరూ చెప్పకుండానే గది చివరి కిటికీ దగ్గరికి నడిచింది. తెర పక్కకు లాగింది. పొద్దుటి ఎండ బిడ్డ ముఖం మీద పడింది.

అల్లుడు కదల్లేదు. అతనికీ కళ్ళున్నాయి, నాలుగడుగులు వేస్తే చూడొచ్చు. వేయలేదు. ఉన్నచోటి నుంచే అడిగాడు.

"ఎలా ఉన్నాడు అత్తయ్యా?"

ఆవిడ తొందరపడలేదు. బొటనవేలితో నుదురు నొక్కి చూసింది, నిన్న అతను చేసినట్టే. రెప్ప ఎత్తి చూసింది. అరికాలు చూసింది.

"అరికాళ్ళని పసుపు వదిలేసింది," అంది. "మొహం మాత్రం ఇంకా పచ్చగానే ఉంది నాయనా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను లేచి వెళ్ళి, ఆ మాటను ఉన్నదున్నట్టు నర్సుకు చెప్పాడు. నర్సు మళ్ళీ నీలం దీపాలు వేసింది.